కొండ బస్తీకి నీళ్లు, మెట్లు, కాలువలు: ఏ పద్దు కింద అడగాలి, ఏది ముందు కట్టించాలి?

కొండమెట్లు (విజయవాడ):
అందరికీ నమస్కారం. విద్యాధరపురం వైపు కొండ మీదున్న ఒక బస్తీ గురించి అడుగుతున్నాను. సుమారు 200 ఇళ్లు, వెయ్యి మంది జనం. కింద రోడ్డుకీ చివరి ఇంటికీ ఎత్తు తేడా 40 మీటర్ల దాకా ఉంటుంది. కుళాయి నీళ్లు సగం కొండ వరకే ఎక్కుతాయి, పైవాళ్లు బిందెలతో మోసుకోవాల్సిందే. మెట్లు చాలాచోట్ల విరిగిపోయాయి. పక్క కాలువ లేదు కాబట్టి వాన పడితే మురుగూ వాన నీరూ కలిసి మెట్ల మీదుగానే దిగుతాయి. ఎక్కడ అడిగినా నిధులు లేవనే అంటున్నారు. ఒకరు అమృత్ అంటారు, ఇంకొకరు ఆర్థిక సంఘం అంటారు. మా పనికి వీటిలో ఏది వర్తిస్తుంది? అర్జీ ఎలా రాయాలి?

లెక్కలపద్దు:
ముందు "నిధులు" అనే మాటను విడగొట్టి చూడండి. ప్రతి డబ్బుకూ ఒక షరతు ఉంటుంది. షరతుకు సరిపడని పని అడిగితే ఆఫీసులో కాదనడం చాలా తేలిక.

అమృత్ 2.0 (కేంద్రం పట్టణాలకు పెట్టిన పథకం, 2021 అక్టోబర్ 1న మొదలైంది) ప్రధానంగా తాగునీరు, మురుగునీటి వ్యవస్థ, చెరువుల పునరుద్ధరణకు. మెట్లకీ, సిమెంటు రోడ్లకీ అందులో చోటు లేదు. పైగా కేంద్రం మొత్తం ఇవ్వదు. పది లక్షల జనాభా దాటిన నగరాలకు 25 శాతం, లక్ష నుంచి పది లక్షల లోపు వాటికి మూడో వంతు, లక్ష లోపు పట్టణాలకు సగం. విజయవాడ మొదటి వరుసలోకి వస్తుంది, గుంటూరు రెండో దాంట్లోకి. మిగతా వాటా రాష్ట్రం, కార్పొరేషన్ పెట్టుకోవాలి. పనులు సాధారణంగా ఇరుక్కునేది ఈ మిగతా వాటా దగ్గరే.

కేంద్ర నిధుల పంపకాన్ని సిఫార్సు చేసే 15వ ఆర్థిక సంఘం (2021-26) పది లక్షలు దాటిన పట్టణ సముదాయాలకు వేరే పద్దు పెట్టింది. ఆంధ్రలో విశాఖ, విజయవాడ అందులో ఉన్నాయి. మూడింట ఒక వంతు గాలి నాణ్యతకు, రెండు వంతులు నీరు, పారిశుధ్యం, చెత్త నిర్వహణకు. మిగతా పట్టణాలకు 40 శాతం షరతు లేని డబ్బు, 60 శాతం నీరు-పారిశుధ్యానికి కట్టేసిన డబ్బు. ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి తగ్గకుండా పెరగాలి, ఖాతాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి అన్నవి ప్రవేశ షరతులు. ఇవి 2021-26 కాలపు షరతులు, కాబట్టి మీరు అర్జీ పెట్టే ఏడాదికి ఏ మార్గదర్శకాలు అమల్లో ఉన్నాయో వాటినే చూపించండి.

మెట్లు, కాలువలు, రిటైనింగ్ గోడలకు (కొండ మట్టి జారకుండా ఆపే రక్షణ గోడలు) దారి కార్పొరేషన్ సాధారణ నిధి. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం (2005లో కేంద్రం మొదలుపెట్టిన పట్టణాభివృద్ధి పథకం) సంస్కరణల్లో పేదల సేవలకు బడ్జెట్‌లో విడిగా కేటాయించాలన్న షరతు ఉంది. మన రాష్ట్రంలో అది నికర నిధుల్లో 40 శాతంగా వచ్చింది. "నికర" అన్న మాట గమనించండి. వంద రూపాయలు వస్తే జీతాలు, కరెంటు, పారిశుధ్యం, అప్పుల వాయిదాలకు 75 పోయాయనుకుందాం. మిగిలిన 25లో 40 శాతం అంటే 10 రూపాయలు. అందుకే కాగితం మీద పెద్దగా కనిపించే వాటా చేతికొచ్చేసరికి చిన్నదవుతుంది. అయినా ఆ పది ఎక్కడ ఖర్చయిందో అడిగే హక్కు మీకుంది.

వీటితో పాటు ఎంపీ నిధి. ఏడాదికి 5 కోట్లు. అందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ నివాస ప్రాంతాలకు సూచించాలి. మెట్లు, రక్షణ గోడ లాంటి చిన్న పనికి ఇది బాగా సరిపోతుంది.

సమాఖ్య_ఆర్పీ:
లెక్కలపద్దు గారు చెప్పినవన్నీ నిజమే. అయితే ఏ పద్దుకైనా ముందు బస్తీ జాబితాలో ఉండాలి. 2011 జనగణనలోనే మురికివాడలను మూడు రకాలుగా లెక్కించారు: చట్టం కింద నోటిఫై చేసినవి, ప్రభుత్వం గుర్తించినవి, ఈ రెండూ కాకుండా కనీసం 60-70 ఇళ్లు ఇరుకుగా, సౌకర్యాలు లేకుండా ఉన్నవి. మీది నోటిఫై అయిందా లేదా అన్నది టౌన్ ప్లానింగ్‌లో, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆఫీసులో రెండు చోట్లా అడగండి. పాత జాబితాలో బస్తీ పేరు ఒకటి, ఇప్పుడు జనం పిలిచేది ఇంకొకటి అయితే రెండు పేర్లూ అర్జీలో రాయండి. ఒక బస్తీ కింది సగం జాబితాలో ఉండి, తర్వాత పైకి పెరిగిన సగం లేకపోవడం కొండల మీద మామూలు.

రెండో సంగతి. బ్రిటన్ సాయంతో నడిచిన ఏపీయూఎస్‌పీ (ఆంధ్రప్రదేశ్ పట్టణ పేదల సేవల) పథకంలో బస్తీల వరుస నిర్ణయించడానికి ఒక పట్టిక వాడారు. ఒక వైపు పేదరికం మూడు మెట్లు, ఇంకో వైపు సౌకర్యాల కొరత మూడు మెట్లు. రెండిటిలోనూ అట్టడుగున ఉన్న బస్తీకి మొదటి వంతు. ఆ పద్ధతి ఇప్పటికీ గట్టిదే. మీరే ఇంటింటికీ వెళ్లి నింపండి: ఇంట్లో కుళాయి ఉందా, మరుగుదొడ్డి ఎక్కడికి కలిసింది, కాలువ ఎంత దూరం, ఇంటికి చేరే మెట్ల వెడల్పు ఎంత, రేషన్ కార్డు ఉందా, ఎస్సీ ఎస్టీ కుటుంబాలెన్ని, నడవలేని పెద్దవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారు. పొదుపు సంఘాల అక్కలు నలుగురు కలిస్తే 200 ఇళ్లు రెండు ఆదివారాల్లో పూర్తవుతాయి. చివర్లో వార్డు సచివాలయం ఎమినిటీస్ సెక్రటరీ (వార్డులో సౌకర్యాలు చూసే ఉద్యోగి) చేత సరిచూయించి సంతకం పెట్టించండి. సంతకం లేని సర్వేను ఎవరూ ఫైలులో పెట్టరు.

పాతఏఈ:
కొండమెట్లు గారూ, అర్జీలో "నిధులు మంజూరు చేయండి" అని రాయకండి. "ఎస్టిమేటు వేయించండి" అని రాయండి. ఎస్టిమేటు లేని పని ఏ జాబితాలోకీ ఎక్కదు. ఏడాది చివర్లో ఏదో పద్దులో డబ్బు మిగిలితే, అప్పటికే ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు సిద్ధంగా ఉన్న పనికే అది వెళ్తుంది. మీరు పోరాడాల్సింది ముందు ఆ కాగితం కోసం.

ఇక నీళ్ల సంగతి లెక్క వేద్దాం. మురుగు వ్యవస్థ ఉన్న నగరానికి ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. వెయ్యి మందికి 1,35,000 లీటర్లు. 8 గంటలు పంపు చేస్తే సెకనుకు సుమారు 4.7 లీటర్లు. ఎత్తు 40 మీటర్లు, పైపులో రాపిడి నష్టం, పైన మిగలాల్సిన ఒత్తిడి కలిపి 50 మీటర్ల హెడ్ (పంపు నీటిని ఎత్తాల్సిన మొత్తం ఎత్తు) అనుకోండి. పంపు సామర్థ్యం 60 శాతంగా తీసుకుంటే 5 హెచ్‌పీ కాస్త దాటుతుంది, కాబట్టి 7.5 హెచ్‌పీ మోటారు పెట్టాలి, పక్కన స్టాండ్‌బై ఒకటి. అదే 4 గంటల్లో ఎక్కించాలంటే పంపూ పెద్దది కావాలి, పైపూ పెద్దది కావాలి. కరెంటు రోజుకు 36 యూనిట్ల దాకా, నెలకు 1,080. ఈ బిల్లు ఏ పద్దులో కడతారో ఎస్టిమేటు దశలోనే రాయించండి. మోటారు బిగించి, సర్వీసు కనెక్షన్ ఎవరి పేరు మీద అన్నది తేలక తుప్పు పట్టిన పంపు గదులు కొండల మీద కనిపిస్తాయి.

అసలు తప్పు ఎక్కువగా జరిగేది పంపిణీ దగ్గర. పైన ట్యాంకు కట్టి ఒకే లైను కిందికి దించితే, అడుగున ఉన్న ఇంటి కుళాయి దగ్గర 40 మీటర్ల ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. కింది కుళాయిలు పగులుతాయి, నీళ్లన్నీ కిందే పోతాయి, ట్యాంకు పక్కింటివాళ్లకే చుక్క రాదు. కొండను రెండు జోన్లుగా చేసి మధ్యలో చిన్న బ్రేక్ ప్రెషర్ ట్యాంకు (పై నుంచి వచ్చే ఒత్తిడిని తెంచేది) పెట్టాలి. ఒక్కో జోన్‌లో ఎత్తు తేడా 20 మీటర్లకు మించకూడదు. పంపు దగ్గర నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా), లైను ఎత్తు తిరిగే చోట ఎయిర్ వాల్వు (గాలి పోవడానికి) ఉండాలి. రాతి మీద కందకం తవ్వలేక హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపును ఎండలో వదిలేయడం వద్దు. బయట కనిపించే చోట డీఐ (ఇనుప) పైపు, కాంక్రీటు దిమ్మెలతో బిగించాలి.

ట్యాంకు రోజు అవసరంలో మూడో వంతు, 45,000 లీటర్లు చాలు. అయితే నీళ్లే 45 టన్నుల బరువు. కింద రాయి గట్టిదో కాదో చూడకుండా చోటు నిర్ణయించకూడదు.

రైవస్‌గట్టు:
మా వైపు సమస్య వేరు. కాలువ గట్టు మీద ఇళ్లు. స్థలం జలవనరుల శాఖది కాబట్టి ఏమీ కట్టలేమని కార్పొరేషన్ అంటోంది. ఇళ్లకు పీఎంఏవై (కేంద్ర గృహ పథకం) వస్తుందంటారు కదా, అదీ రాదా?

లెక్కలపద్దు:
రైవస్‌గట్టు గారూ, ఇల్లు వేరు, సేవలు వేరు. పీఎంఏవై పట్టణ పథకంలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే విభాగానికి స్థలం హక్కు కాగితం కావాలి. 2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2.0లో కేంద్రం వాటా ఇంటికి లక్షన్నర, ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకంలో లబ్ధి పొంది ఉండకూడదు. కాలువ గట్టు అభ్యంతరకర స్థలం కింద వస్తుంది, పట్టా రావడం చాలా కష్టం. అక్కడ ఇల్లు కోసం కంటే ప్రత్యామ్నాయ స్థలం కోసం అడగడమే పనికొచ్చే దారి.

అయితే కుళాయి, వీధి దీపం, మరుగుదొడ్డి ఇంటి హక్కు మీద ఆధారపడవు. దారి ఉమ్మడి దారి అయితే చాలు. స్థలం వేరే శాఖది అయినప్పుడు ఆ శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. కొండల మీద కూడా ఇదే చూసుకోవాలి. రెవెన్యూదా, దేవదాయ శాఖదా, అటవీ భూమా అని ముందే సర్వే నంబరుతో తహసీల్దారు ఆఫీసులో తెలుసుకోండి. టెండరు అయ్యాక ఇంకో శాఖ అడ్డు చెబితే పని ఆగుతుంది, అప్పుడు మొత్తం మళ్లీ మొదటికి.

సింగ్‌నగర్_దిగువ:
పల్లపు ప్రాంతాల వాళ్ల తరఫున ఒక మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఇటు ఎంత నీరు నిలిచిందో అందరూ చూశారు. అది పెద్ద వరద, చిన్న పనులతో ఆగేది కాదు. కానీ మామూలు వానకు కూడా ఇళ్లలోకి నీళ్లు రావడానికి మనం వేయించుకున్న రోడ్లే కారణం. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదే 150 మి.మీ. సిమెంటు పోస్తారు. రెండుసార్లు అలా జరిగితే రోడ్డు ఒక అడుగు పైకి లేస్తుంది, పాతింటి గడప రోడ్డుకంటే కిందికి పోతుంది. రోడ్డు కొత్తగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అడగరు. ఎస్టిమేటులో "పాత రోడ్డు తొలగింపు" అనే ఐటం ఉందో లేదో చూడటం అందరికీ చేతనైన పనే. రోడ్డు మధ్య లెవెల్ కంటే ఇంటి గడప కనీసం అడుగున్నర ఎత్తులో ఉండేలా లెవెల్స్ అడగండి.

ఇంకొకటి. వాన నీటి కాలువల కోసం విజయవాడకు కేంద్రం 461 కోట్లు ఇచ్చింది, అనుకున్న గడువులో ఆ పని పూర్తి కాలేదు. పెద్ద కాలువ చివర కలవని చోట మన వీధిలో చిన్న కాలువ కట్టినా నీళ్లు పోవడానికి చోటు ఉండదు. మీ కొండ కాలువ కూడా కింద దేంట్లో కలుస్తుందో ముందు చూడండి. కొండ మీది మట్టి, ప్లాస్టిక్ కింది కాలువలో పేరుకుంటే మునిగేది కిందివాళ్లు.

పాతఏఈ:
సింగ్‌నగర్ వారు చెప్పింది చాలా ముఖ్యం. ఒక హెక్టారు కొండ మీద గంటకు 50 మి.మీ. వాన పడితే, అందులో 80 శాతం జారి వస్తుందనుకుంటే సెకనుకు 111 లీటర్లు. మెట్ల పక్కన కాలువను కూడా మెట్లు మెట్లుగా దించాలి. నున్నగా జారుడుగా కడితే నీటి వేగానికి అడుగు కోసుకుపోతుంది. కింద రోడ్డు కాలువలో కలిసే ముందు మట్టి ఆగే గుంట ఒకటి, మీటరు చదరం, మీటరు లోతు, పైన తీసి పెట్టే జాలీ. వానల ముందు ఒకసారి, వానల్లో వారానికోసారి పూడిక తీయాలి. తీసే మనిషి చేరుకోలేని చోట గుంట కడితే కట్టనట్టే.

కొండమెట్లు (విజయవాడ):
ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండి. ఒకవేళ 50 లక్షలే వస్తే దేనితో మొదలుపెట్టాలి? మా ఆడవాళ్లు నీళ్లే ముందు అంటున్నారు.

సమాఖ్య_ఆర్పీ:
నీళ్లే ముందు. బిందెలు మోసే పని రోజూ గంటల తరబడి ఆడవాళ్ల మీదే పడుతుంది, కూలికి వెళ్లే సమయం అక్కడే పోతుంది. మెట్లు విరిగినా ఎక్కుతున్నారు, నీళ్లు లేకపోతే బతకలేరు.

పాతఏఈ:
అమ్మా, మీ మాట కాదనలేను. కానీ నీటి పథకానికి వేరే పద్దు ఉంది, దాన్ని అమృత్ లేదా ఆర్థిక సంఘం కింద అడగవచ్చు. గోడకూ కాలువకూ ఆ తలుపులు తెరుచుకోవు. కాబట్టి సాధారణ నిధిలో వచ్చే 50 లక్షలను నీళ్లకు వాడేస్తే గోడకు ఇంకెక్కడా దొరకదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. వదులు బండల కింద, కోసుకుపోయిన మట్టి కింద ఇళ్లుంటే ఆ భాగానికి గోడ మొదటి పని. గోడలో ప్రతి మీటరున్నరకు 75-100 మి.మీ. పైపు రంధ్రాలు, వెనక కంకర పొర ఉండాలి. అవి లేకపోతే వెనక నిలిచిన నీటి ఒత్తిడికే గోడ ఒరుగుతుంది.

తర్వాత కాలువ. మెట్లు చివర్లో. పైపు లైను మెట్ల పక్క నుంచే పోవాలి కాబట్టి, నీటి పథకం ఇప్పుడే రాకపోయినా దారి దాటే ప్రతి చోటా ఒక ఖాళీ స్లీవ్ పైపు (తర్వాత నీటి పైపు దూర్చడానికి) పెట్టి పోయించండి. లేకపోతే రేపు పైపు కోసం కొత్త మెట్లు పగలగొడతారు.

సమాఖ్య_ఆర్పీ:
ఇలా విడగొడితే ఒప్పుకుంటాను. రెండు అర్జీలు విడివిడిగా, ఒకే రోజు పెట్టండి. నీళ్ల అర్జీ రెండోదిగా తర్వాత పెడదామంటే అది మిగిలిపోతుంది.

లెక్కలపద్దు:
50 లక్షల మంజూరు అంటే 50 లక్షల పని కాదు. స్థానిక సంస్థల పనులపై 2022 జులై 18 నుంచి జీఎస్టీ 18 శాతం. మంజూరు మొత్తంలో అది కలిసి ఉంటే పనికి మిగిలేది 42 లక్షల చిల్లర, అందులోనే కార్మిక సెస్సు ఒక శాతం వగైరా.

కొండ పనులకు టెండరు ఎవరూ వేయకపోవడానికి ముఖ్య కారణం మోత ఖర్చు. 40 మీటర్ల ఎత్తుకు 15 సెం.మీ. మెట్టు చొప్పున 267 మెట్లు. మీటరున్నర వెడల్పు, 30 సెం.మీ. అడుగు పెట్టే చోటు ఉంచితే కాంక్రీటు సుమారు 25 ఘనపు మీటర్లు. అంటే 200 బస్తాల సిమెంటు, 11 ఘనపు మీటర్ల ఇసుక, 21 ఘనపు మీటర్ల కంకర, మొత్తం 60 టన్నుల దాకా తలమోత. ఎస్టిమేటు మామూలు రోడ్డు రేట్లతో వేసి, ఈ తలమోతకు వేరే ఐటం పెట్టకపోతే కాంట్రాక్టరు రాడు. వచ్చినా సిమెంటు తగ్గించి పూడ్చుకుంటాడు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఎస్టిమేటు వేసేటప్పుడే ఈ ఒక్క ఐటం అడగండి.

నాణ్యత_చూపు:
పని మొదలయ్యాక చూడాల్సినవి నేను చెబుతాను. ఐఎస్ 456 (కాంక్రీటుకు భారత ప్రమాణం) ప్రకారం 16 నుంచి 30 ఘనపు మీటర్ల కాంక్రీటుకు 3 శాంపిళ్లు, ఒక్కో శాంపిలుకు 3 క్యూబులు (బలం పరీక్షించే చిన్న కాంక్రీటు దిమ్మెలు). కానీ కొండ మెట్లు ఒకే రోజు పోయరు, కొంచెం కొంచెంగా పోస్తారు. పోసిన ప్రతి షిఫ్టుకూ కనీసం ఒక శాంపిలు తీయాలి. ఎం20 రకం కాంక్రీటు అయితే 28 రోజులకు చదరపు మి.మీ.కు 20 న్యూటన్ల బలం రావాలి. నీళ్లు దొరకని కొండ మీద క్యూరింగ్‌కి నీళ్లు ఎవరు మోస్తారన్నది పెద్ద ప్రశ్న. గోనె పట్టాలు కప్పి తడుపుతూ కనీసం 7 రోజులు ఉంచాలి. అది జరగకపోతే మెట్ల అంచులు మొదటి వానాకాలానికే రాలిపోతాయి.

సమాచార హక్కు చట్టంలో 2(జె) సెక్షన్ చాలామందికి తెలియదు. కాగితాల నకళ్లు మాత్రమే కాదు, పనిని చూసే హక్కు, సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా అందులో ఉంది. కార్పొరేషన్‌లో పీఐవో (సమాచార అధికారి) పేరు మీద 10 రూపాయల రుసుముతో ఇవి అడగండి: పాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్యూబు పరీక్షల నివేదికలు, డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలుంటే కాంట్రాక్టరే సరిచేయాల్సిన) గడువు తేదీ. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. ఎం.బుక్‌లో రాసిన పొడవును మీరే టేపుతో కొలవండి. తేడా ఉంటే తుది బిల్లు వెళ్లకముందే డీఈకి (ఏఈ పై ఇంజినీరు) రాయాలి, బిల్లు అయ్యాక సరిచేయించడం చాలా కష్టం.

గుంటూరు_శివారు:
గుంటూరు వాళ్లకు ఒక తేడా. 2021-26 ఆర్థిక సంఘం లెక్క ప్రకారం మనకు షరతు లేని 40 శాతంలో కాలువలు, దారులు అడగవచ్చు. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు దాన్ని వాడకూడదు. యూజీడీ (భూగర్భ మురుగు పైపులు) పూర్తికాని వీధుల్లో మాత్రం సిమెంటు రోడ్డు ఇప్పుడే అడగకండి, ఆ పైపు వేసేటప్పుడు మళ్లీ తవ్వుతారు.

కొండమెట్లు (విజయవాడ):
అర్జీలో మొదటి పేరా ఎలా ఉండాలో ఒక్కసారి రాసి పెట్టగలరా?

సమాఖ్య_ఆర్పీ:
ఇలా రాయండి:

"కమిషనర్ గారికి. మా బస్తీ (ప్రస్తుత పేరు, జాబితాలోని పేరు), డివిజన్ నంబరు, సచివాలయం నంబరు, సర్వే నంబరు. 200 ఇళ్లు, ఇంటింటి సర్వే ప్రతి జతచేశాం, ఎమినిటీస్ సెక్రటరీ సరిచూశారు. ఎత్తు తేడా 40 మీటర్లు. కోరేది: ఒకటి, వదులు బండలున్న భాగాన్ని ఇంజినీరింగ్ విభాగం చూసి రక్షణ గోడకు, మెట్ల కాలువకు, మెట్లకు తలమోత ఐటంతో సహా ఎస్టిమేటు వేయించడం. రెండు, ఆ ఎస్టిమేటును పట్టణ పేదల కేటాయింపు కింద వచ్చే బడ్జెట్‌లో చేర్చడం. ఎస్టిమేటు తయారైన తేదీ, నంబరు మాకు రాతపూర్వకంగా తెలపగలరు."

నీళ్లకు విడిగా ఇంకో కాగితం, పంపు కరెంటు బిల్లు ఏ పద్దో అడుగుతూ. ఫొటోలు ఆరు చాలు, ప్రతి ఫొటో వెనక చోటు రాయండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. మర్నాడే ఆ నంబరుతో సర్కిల్ ఆఫీసులో ఏఈ గారిని కలిసి, కొండ ఎక్కడానికి ఏ రోజు వస్తారో అడగండి. ఆయన వచ్చిన రోజు చివరి ఇంటిదాకా మీలో ఇద్దరు టేపు పట్టుకుని వెంట ఉండాలి.